ఆరు ఫిల్సుల చెట్టు

ముడిసరుకు ఒక బనియను మెడ దగ్గర దొరుకుతుంది. షార్జా రోలాలో మా బిల్డింగ్ కింది బట్టల కొట్టువాడు మూడు కలిపి 20 దిర్హాములకు ఇచ్చే సరుకది. యూరప్ కోసం కుట్టి, ఎందుకో ఇక్కడ తేలిన బనియన్లు. మెడపట్టీ లోపలి వైపు వేలెడంత తెల్లటి చీటీ, దాని మీద ఆరేడు భాషల్లో ఒకటే సంగతి: నూటికి నూరుపాళ్ళు నూలు. జర్మన్ వరుసలో 'బౌమ్‌వొల్లె' అని ఉంటుంది. మా గదిలో కిటికీ పక్క మంచం సిరిసిల్ల అమ్మాయిది. ఇక్కడే ఒక క్లినిక్‌లో నర్సు, జర్మనీ ప్రయత్నంలో ఉంది. సజా లేబర్ క్యాంపులో ఉండే తమ్ముడి కోసం కొన్న ఆ బనియను చీటీని బ్లేడుతో కుట్లు విప్పి తీస్తుంది, నోటుపుస్తకంలో అంటిస్తుంది, కింద తేదీ వేస్తుంది.

నేను పక్క వీధిలో టైపింగ్ సెంటర్లో పనిచేస్తాను. వీసా ఫారాలు, ఎమిరేట్స్ ఐడీ దరఖాస్తులు. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే కాగితం వెనక్కొచ్చే పని. అందుకేనేమో, ఒక్క మాటను పట్టుకుని ఆమె చేసే పని చూస్తుంటే చూపు తిప్పుకోబుద్ధి కాదు.

ముందు లెక్క చూద్దాం. జర్మనీలో నర్సుగా పూర్తి గుర్తింపు దక్కాలంటే మామూలుగా బీ 2 స్థాయి భాష రావాలి. దాని కింది మెట్టు బీ 1. గొథే సంస్థ బీ 1 పరీక్షకు ఇచ్చే మాటల జాబితాలో దాదాపు 2400 మాటలుంటాయి. ఆ 2400నీ ఆమె ఒక్కొక్కటిగా కార్డుల మీదికి ఎక్కిస్తోంది, రోజుకు ఎనిమిది చొప్పున. ఎనిమిదే ఎందుకంటే ఒక ఏ 4 కాగితానికి ఎనిమిది కార్డులు వస్తాయి. కుర్చీ, బల్ల లాంటి తేలిక మాటకు మూడు నిమిషాలు చాలు. బౌమ్‌కు ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పడుతుంది.

కాగితం 200 జీఎస్ఎం, అంటే పెళ్ళిశుభలేఖ అంత మందం. మా సెంటర్లో షీటు 50 ఫిల్సులు, అంటే అర దిర్హాము. సగానికి మడుస్తుంది, ఆ సగాన్ని సగానికి, దాన్ని మళ్ళీ సగానికి. ప్రతి మడత మీదా గోటితో గట్టిగా రాసి, విప్పి, స్టీలు స్కేలు ఆనించి కట్టరు లాగుతుంది. కత్తెర వాడదు. కత్తెర అంచు వంకర పోతే పెట్టెలో కార్డులు ఒకదానికొకటి తగులుకుంటాయట. చేతికొచ్చే ముక్క 74 మిల్లీమీటర్ల వెడల్పు, 105 పొడవు. దీన్ని ఏ 7 అంటారు. ఎన్నిసార్లు సగం చేసినా ఆకారం మారని ఈ కాగితపు కొలత కూడా జర్మన్ల సొత్తే, 1922లో డిన్ 476 పేరుతో పెట్టుకున్న ప్రమాణం. కార్డు ఒక్కంటికి ఆరు ఫిల్సుల పైచిలుకు పడుతుంది. మొత్తం జాబితాకు 300 షీట్లు, 150 దిర్హాములు. ఆమె మంచానికి నెలకు కట్టే 600లో నాలుగో వంతు.

ఇప్పుడు మాటను కోయాలి. బౌమ్‌వొల్లె అన్నది రెండు మాటల అతుకు. 'బౌమ్' అంటే చెట్టు, 'వొల్లె' అంటే ఉన్ని. పత్తిని జర్మన్లు చెట్టుఉన్ని అంటారన్నమాట. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్, భారతదేశంలో ఉన్ని కాసే చెట్లున్నాయని రాశాడు. గొర్రె తప్ప ఉన్నికి మరో దిక్కు తెలియని చలిదేశాల వాళ్ళకు అది అలాగే కనిపించి ఉంటుంది. జర్మన్‌లో అతుకు ఎక్కడుందో చూసి కోయడమే సగం పనితనం. ఊరి చివర సిమెంటు, మేకులు, రంగులు అమ్మే పెద్ద కొట్టును 'బౌమార్క్ట్' అంటారు. అందులో బౌమ్ కనబడుతుంది గానీ చెట్టుతో దానికి సంబంధం లేదు, అది 'బౌ', 'మార్క్ట్' కలిసిన మాట, కట్టడపు సామాను బజారు. గుడ్డను తప్పు చోట కత్తిరిస్తే జాకెట్టు పాడైనట్టే, ఇక్కడ మాట పాడవుతుంది. కత్తిరించాక మరో నియమం: అతుకుమాటకు వ్యాకరణమంతా కుడివైపు ముక్కదే. మన మర్రిచెట్టులో బహువచనం చెట్టుకే తగిలినట్టు. వొల్లెను తర్వాతి కార్డుకు పక్కన పెట్టి, ఆమె ఎడమ ముక్కను ముందుకు లాక్కుంటుంది.

పెన్నులు మూడు: నీలం, ఎరుపు, ఆకుపచ్చ. జర్మన్ నామవాచకాలు మూడు జాతులు. పుంలింగానికి ముందు 'డేర్', స్త్రీలింగానికి 'డి', నపుంసకానికి 'డాస్'. నీలం డేర్‌కు, ఎరుపు డికి, ఆకుపచ్చ డాస్‌కు. ఈ రంగుల వాడుక చాలామంది జర్మన్ పంతుళ్ళకు ఉన్నదే. ఆమె నీలం పెన్ను తీసి, కార్డు ముందువైపు ఎడమ పైమూల నుంచి రెండు వేళ్ళ దూరంలో 'డేర్ బౌమ్' అని రాస్తుంది. నామవాచకం గనక మొదటి అక్షరం పెద్దది, వాక్యంలో ఎక్కడొచ్చినా సరే.

"చెట్టు మొగోడెట్లయితదక్కా?" అని తనే అడిగి, తనే నవ్వుతుంది.

తెలుగులో మనకు ఆ బాధ లేదు. చెట్టు, రాయి, కుక్క, కుర్చీ అన్నీ 'అది'. జర్మన్‌లో చెట్టును 'వాడు' అనాలి. పైగా చెట్టు వాడైతే చెట్ల పేర్లు చాలావరకు 'ఆమె'లు. ఓక్ చెట్టు 'డి ఐషె', ఖర్జూరం 'డి డాటెల్‌పాల్మె'. అదే చెట్టు పేరు చివర బౌమ్ చేరితే మళ్ళీ మగవాడు. మన మర్రినే తీసుకోండి. 'బన్యాన్‌బౌమ్' అంటే డేర్, 'బన్యాన్‌ఫైగె' అంటే డి. ఫైగె అంటే అత్తి. మాను ఒకటే, ఊడలు అవే, పిలుపును బట్టి లింగం. చెట్టును చూసి దాని జాతి చెప్పలేం, మాటతో పాటే గుర్తుపెట్టుకోవాలి. అందుకే ఆమె ఒట్టి 'బౌమ్' అని ఎప్పుడూ రాయదు. డేర్ లేని కార్డు గుండీలు కుట్టని చొక్కా.

నాలుగో పని నోటిది. మాటలో మూడే ధ్వనులు: బ, ఔ, మ్. తెలుగువాళ్ళకు ఇది వడ్డించిన విస్తరి. మన ఔ వాళ్ళ ఔకు దగ్గరదే, గౌను అన్నప్పుడు పలికేదే. ముందున్న డేర్‌తోనే తంటా. దాని చివరి 'ర్' నాలుకతో కొట్టే రకారం కాదు, పలకబోయి మానేసినట్టు గొంతులో 'అ'గా కరిగిపోతుంది. ఫోను రికార్డరు పెట్టి పదిసార్లు అంటుంది. డ్యూటీ నుంచి వచ్చి పైమంచంలో పడుకున్న కాకినాడ ఆవిడ దుప్పటి ముసుగు తీయకుండానే "కుదిరింది, ఇక ఆపవే తల్లీ" అంటుంది.

అయిదో పని బహువచనం. ఇక్కడ ఆమె ఫ్యాను తగ్గించి మరీ కూర్చుంటుంది. ఏసీ 24 మీద ఉంది, బయట 42. బహువచనం 'డి బొయ్‌మె'. ఏకవచనంలో ఔ, బహువచనంలో ఒయ్. రాతలో 'ఏ' అక్షరం నెత్తిన రెండు చుక్కలు. వాటిని ఉమ్లౌట్ అంటారు, అంటే ధ్వని మారిందని గుర్తు. కార్డు మీద ఆ చుక్కలను మామూలుగా పెట్టదు. పెన్ను మొనను నొక్కి, కాగితం వెనక తడిమితే తెలిసేలా పెడుతుంది.

చెట్టు ఒకటైతే ఔ, పది అయితే ఒయ్ ఎందుకు? దీన్ని ఆమెకు నేను 'మనిషి'తో చెబుతాను. మనిషికి బహువచనం మనిషిలు కాదు, మనుషులు. పిల్లికి పిల్లులు, పులికి పులులు. వెనకొచ్చే 'లు'లో ఉన్న ఉకారం, ముందున్న ఇకారాన్ని తన దారికి లాక్కుంటుంది. రాబోయే అచ్చు కోసం నోరు ముందే తయారైపోతుంది, అంతే. జర్మన్‌లో జరిగిందీ ఇదే కథ, అచ్చు మాత్రం వేరు. వెయ్యేళ్ళ కిందటి పాత జర్మన్‌లో అతిథి 'గాస్ట్', అతిథులు 'గెస్టి'. చివరి ఇకారం ముందున్న అకారాన్ని ఎకారంగా వంచింది. కాలక్రమంలో ఆ చివరి ఇకారం అరిగిపోయింది, వంపు మాత్రం మిగిలింది. అదే ఇవాళ్టి చుక్కలు. మరి బౌమ్? పాత జర్మన్‌లో చెట్టు 'బౌమ్' లాంటిదే, 'బొఉమ్'. చెట్లు 'బొఉమ'. చూడండి, చివర ఇకారమే లేదు. వంగడానికి కారణమే లేదు. అయినా తర్వాతి శతాబ్దాల్లో, గాస్ట్ గుంపు బహువచనాల్లో వంపు చూసి చూసి, జనం బౌమ్‌కు కూడా తగిలించారు. ఇంట్లో పెళ్ళి లేకపోయినా పక్కింటి పందిరి చూసి తోరణం కట్టుకున్నట్టు. అలా అరువు తెచ్చుకున్న రెండు చుక్కలు అవి. ఈ సంగతి తెలిశాక ఆమె ఇక వాటిని మరిచిపోదని నేను అనుకుంటాను. ఆమె అనుకోదు. "యాదికుండుడు వేరు, నోట్లెకు వచ్చుడు వేరక్కా" అంటుంది.

ఆరో పని విభక్తులు. కార్డు వెనక్కి తిప్పి, స్కేలుతో నాలుగు అడ్డగీతలు, ఒక నిలువుగీత. ఎడమ గదుల్లో ఏకవచనం, కుడి గదుల్లో బహువచనం. మనకు డుమువులు మొదలు ఏడు విభక్తులైతే జర్మన్‌కు నాలుగే, కానీ అవి మాట చివర కంటే ముందున్న డేర్ మీద ఎక్కువ కనిపిస్తాయి. చెట్టు కర్త అయితే డేర్ బౌమ్. చెట్టును చూస్తే డేన్ బౌమ్. చెట్టుకు నీళ్ళు పోస్తే డేమ్ బౌమ్. చెట్టు నీడ కావాలంటే డెస్ బౌమెస్. మాట ఒంటి మీద మార్పు ఈ చివరి చోటే, అది కూడా వాడుకలో 'బౌమ్స్'గా కుదించుకుపోతుంటుంది. కుడివైపు డి బొయ్‌మె, మళ్ళీ డి బొయ్‌మె, డేన్ బొయ్‌మెన్, డేర్ బొయ్‌మె. మూడో గదిలో చివరికి చేరే ఆ నకారం మీద ఆమె ఎర్ర సున్నా చుడుతుంది. పరీక్షలో చాలామందికి మార్కు పోయేది అక్కడేనట.

కింద రెండు వాక్యాలు రాస్తుంది, కాకితో. కాకి చెట్టు మీద ఉంది: 'ఔఫ్ డేమ్ బౌమ్'. కాకి చెట్టు మీదికి ఎగిరింది: 'ఔఫ్ డేన్ బౌమ్'. స్థానం అయితే డేమ్, గమనం అయితే డేన్. జర్మన్ నేర్చుకునే వాళ్ళను నెలల తరబడి ఏడిపించే తేడా ఇది. తెలుగుపిల్లకు ఇందులో కొత్తేముంది? 'మీద', 'మీదికి'. మనం ఆ తేడాను చెట్టు వెనక చూపిస్తాం, వాళ్ళు చెట్టు ముందు చూపిస్తారు. నాలుగు గీతల పట్టికకు 25 నిమిషాలు పడితే, ఈ రెండు వాక్యాలకు రెండు నిమిషాలు కూడా పట్టవు.

టీ తాగుతాం. కింద కఫెటీరియాలో కరక్ దిర్హాముకు ఒకటి. మరిగి మరిగి ఇటుకరంగుకు తిరిగిన టీ. పొద్దున నేను యర్మూక్‌లో చర్చి ఆరాధనకు వెళ్ళొచ్చాను, ఆమె నైట్ డ్యూటీ దిగి మూడు గంటలు పడుకుంది. ఇద్దరికీ ఆవలింతలే. కానీ అన్నిటికంటే పెద్ద పని ఇంకా మిగిలే ఉంది.

మాట మూలం వెతకడం పరీక్షకు అక్కర్లేదు. ఆమె మాత్రం వదలదు, మూలం తెలిసిన మాట జారిపోదని ఆమె నమ్మకం. ఫోనులో గ్రిమ్ నిఘంటువు తెరుస్తుంది. పిల్లల కథలు పోగుచేసిన ఆ గ్రిమ్ అన్నదమ్ములే. మొదటి సంపుటం 1854లో వచ్చింది, మొత్తం పూర్తయ్యేసరికి 1961. 'బీ' అక్షరం పెద్దవాడు యాకోబ్ స్వయంగా చేశాడు కాబట్టి బౌమ్ ఆయన చేతి పనే. ఇక్కడ మా ఇద్దరికీ కావలసింది ఒక వరుస. పాత జర్మన్ బొఉమ్. డచ్ 'బోమ్'. పాత ఇంగ్లీషు 'బేఅమ్'. నాలుగో శతాబ్దంలో బైబిలును గోథిక్ భాషలోకి తెచ్చిన వుల్ఫిలా దగ్గర 'బగ్మ్స్'. అన్నిటికీ అర్థం చెట్టే.

పాత ఇంగ్లీషు బేఅమ్ ఇవాళ ఏమైంది? 'బీమ్'. ఇంటికి వేసే బీము. చెట్టు కాస్తా కొట్టేసిన దుంగ అయింది, దుంగ దూలమైంది, చెట్టు అనే అర్థాన్ని 'ట్రీ' తన్నుకుపోయింది. హార్న్‌బీమ్ లాంటి ఒకటి రెండు చెట్ల పేర్లలో మాత్రం పాత అర్థం ఇంకా పచ్చగా ఉంది. ఇదంతా ఇంగ్లీషు వింత అనుకుంటాం గానీ మన ఇంట్లోనూ ఉంది. తెలుగులో చెట్టుకు పాత మాట మ్రాను. తమిళుల మరం, కన్నడిగుల మర, దాని తోబుట్టువులు. మనకు మ్రాను మాను అయి, మొద్దుకూ కలపకూ దిగిపోయింది. చెట్టు అనే మాట పైకొచ్చింది. పాత అర్థం కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానులో నిలిచింది. హార్న్‌బీములో బీమ్‌కూ, మర్రిమానులో మానుకూ పట్టిన గతి ఒకటే.

"బీమ్ అంటే మా సాంచాలకు ఉంటదే, గదా?" అంటుందామె ఉన్నట్టుండి.

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. వాళ్ళ బాపు ముప్ఫై ఏళ్ళు సాంచాల మీద బతికిన మనిషి. పడుగు నూలు చుట్టి మగ్గం వెనక బిగించే పొడవాటి రోలరు బీము. గదిలో సగం గోడ పొడవు, నిండుగా చుడితే ఇద్దరు మోస్తే గానీ కదలదు. జర్మన్ నేతగాళ్ళు దాన్ని 'కెట్‌బౌమ్' అంటారు. కెట్టె అంటే ఇక్కడ పడుగు. నేసిన గుడ్డ చుట్టుకునేది 'వారెన్‌బౌమ్'. గొల్యాతు ఈటె కర్ర లావు చెప్పడానికి లూథర్ తన బైబిల్లో వాడిన మాట కూడా నేతగాడి బౌమ్. మన తెలుగు బైబిల్లో అక్కడ దోనె. చిన్నప్పటి నుంచీ నిద్రలో కూడా వినబడిన టకటక చప్పుడులోనే ఈ మాట సగం తిరుగుతూ ఉందన్నమాట. ఆమె కాసేపు ఏమీ మాట్లాడదు. కార్డు వెనక, కుడి కింది మూలలో, పెన్సిలుతో చిన్న రోలరు బొమ్మ గీస్తుంది.

ఇంకో సగం తమ్ముడి దగ్గర దొరుకుతుంది. డచ్ బోమ్‌కు చెట్టనే కాక వాసం, పొడవాటి గడ అనే అర్థాలూ ఉన్నాయి. ఓడల తెరచాప అడుగున కట్టే గడను డచ్ నావికులు అలా పిలిస్తే, 17వ శతాబ్దం ప్రాంతంలో ఇంగ్లీషు వాళ్ళు అందిపుచ్చుకుని 'బూమ్' అన్నారు. ఆ గడ ఓడ దిగి క్రేనెక్కింది. తమ్ముడు రిగ్గరు, క్రేనుకు బరువులు కట్టే పని. రోజంతా అతని తల మీద ఊగేది బూమ్ ట్రక్కు చెయ్యే. బాపు బీమ్, తమ్ముడి బూమ్, అక్క బౌమ్. ఇది కాకతాళీయం కూడా కాదు, లెక్క ప్రకారం జరిగిన మార్పు. కలను జర్మన్ 'ట్రౌమ్' అంటే ఇంగ్లీషు 'డ్రీమ్', డచ్ 'డ్రోమ్'. గుడ్డ అంచు మడిచి కుట్టేది జర్మన్ 'జౌమ్', ఇంగ్లీషు 'సీమ్', డచ్ 'జోమ్'. మన చెవి కన్నడంలో కివి, మన చెరువు కెరె అయినట్టే, ఔకారం ఒకచోట ఈకారం, ఒకచోట ఓకారం. ఆమె ట్రౌమ్, జౌమ్ రెండిటినీ కార్డు అంచున గుచ్చుతుంది. ఒక కార్డు ఖర్చుతో మూడు మాటలు.

ఏడింటికి ఎండ చల్లబడ్డాక కార్డు జేబులో వేసుకుని రోలా స్క్వేరుకు నడుస్తాం. మాటను గదిలో రాస్తే సరిపోదు, వస్తువు ముందు నిలబెట్టి అనాలన్నది ఆమె పద్ధతి. విడ్డూరమేమిటంటే, ఇక్కడ వస్తువు లేదు. రోలా అంటేనే ఇక్కడి అరబ్బుల మాటలో మర్రి. ఈ చౌకులో ఒకప్పుడు పెద్ద మర్రిచెట్టు ఉండేది. పండుగలకు ఊరంతా దాని నీడలోనే కూడేది. 1978లో కూలిపోయింది. ఇప్పుడు దాని గుర్తుగా ఒక కట్టడం ఉంది, చుట్టూ పచ్చిక, పావురాలు, ఫోన్లలో ఇంటికి మాట్లాడే మగవాళ్ళు. సాయంత్రం ఆ గుంపులో చెవి పెడితే అయిదారు భాషలు, మధ్యమధ్య మన నిజామాబాద్ యాస. లేని చెట్టు కింద నిలబడి ఆమె "ఉంటర్ డేమ్ బౌమ్" అంటుంది. చెట్టు కింద.

మర్రికి యూరోపియన్లు పెట్టిన బన్యాన్ అనే పేరు పుట్టింది కూడా ఈ సముద్రం ఒడ్డునే. గుజరాతీలో వాణియో అంటే వర్తకుడు. నీటికి అవతల, ఇవాళ బందర్ అబ్బాస్ అంటున్న గోంబ్రూన్ రేవులో, గుజరాతీ వర్తకులు ఒక పెద్ద మర్రి కింద గుడి కట్టుకున్నారు. 17వ శతాబ్దపు యాత్రికులు దాన్ని బనియన్ల చెట్టు అన్నారు. పేరు ఆ ఒక్క చెట్టు నుంచి జాతి మొత్తానికీ పాకింది. ఆ వర్తకులు తొడిగే వదులు అంగీ పేరే చివరికి మన ఒంటి మీది బనియను అయింది. అంటే పొద్దున్న ఆమె బ్లేడుతో చీటీ విప్పింది మర్రిచెట్టు పేరున్న గుడ్డ నుంచి, ఆ చీటీ మీద ఉన్నది చెట్టుఉన్ని. దీనికి ఆమె స్పందన: "గీ బనియన్ల ఇంత కత ఉన్నదా, ఇరవై దిర్హాములకు అగ్గువనే."

గదికి తిరిగొచ్చాక అతుకుమాటలు. ఇది చకచకా సాగే పని. ఆపిల్ చెట్టు 'ఆప్‌ఫెల్‌బౌమ్', క్రిస్మస్ చెట్టు 'వైనాఖ్ట్స్‌బౌమ్', మధ్యలో ఆ 'స్' అతుకుకు పెట్టిన జిగురు. సరిహద్దు దగ్గర పైకీ కిందికీ ఆడే అడ్డుగడ 'ష్లాగ్‌బౌమ్', అది మళ్ళీ గడ అనే పాత అర్థమే. మొక్కల నర్సరీ 'బౌమ్‌షూలె', చెట్లబడి, చివర బడి ఉంది కాబట్టి స్త్రీలింగం. పిల్లలు వేసే పిల్లిమొగ్గ 'పుర్‌ట్సెల్‌బౌమ్', దొర్లుచెట్టు. మనం మొగ్గ అంటే వాళ్ళు ఏకంగా చెట్టే అన్నారు. ఒక సామెత కూడా: చెట్ల గుంపులో పడి అడవిని చూడలేదంటారు, వివరాల్లో పడి అసలు సంగతి మరిచినవాణ్ణి. నా వైపు చూసి ఆ సామెత చదువుతుంది.

'ష్టామ్‌బౌమ్' దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. ష్టామ్ అంటే మొదలు, కాండం. ష్టామ్‌బౌమ్ అంటే వంశవృక్షం. 19వ శతాబ్దం నడుమ ఆగస్ట్ ష్లైషర్ అనే జర్మన్ పండితుడు భాషల చుట్టరికాలను చెట్టుబొమ్మగా గీసి చూపాడు. సంస్కృతం, గ్రీకు, జర్మన్ ఒకే చెట్టు కొమ్మలు. తెలుగు ఆ చెట్టుది కాదు. ఆ సంగతిని అంతకు ముందే, 1816లో, మద్రాసులో ఎల్లిస్ దొర క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో తేల్చాడు: మనది తమిళ, కన్నడాలతో కలిసిన వేరే చెట్టు. ఇంకో తొంభై ఏళ్ళ దాకా వెనక్కి వెళితే, మన అమ్మాయి చేస్తున్న పనినే ఇటు నుంచి అటు చేసిన జర్మన్ ఒకడున్నాడు. బెంజమిన్ షుల్ట్‌జె అనే మిషనరీ 1728లో తెలుగు వ్యాకరణం రాశాడు, 1740లలో జర్మనీలోని హాలె ఊళ్ళో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. మన 'చెట్టు'ను, 'చెట్లు'ను ఆయన ఏ కాగితం మీద, ఏ రంగు సిరాతో పట్టుకున్నాడో చూడాలని నాకు ఉంటుంది.

మర్నాడు పొద్దున మా సెంటర్లో చివరి పని నాది. కార్డును ప్లాస్టిక్‌లో మూయకూడదు, దాని మీద ఇంకా రాయాల్సింది ఉంటుంది. విభక్తుల పట్టికను మాత్రం వేరే కాగితం మీద పెద్దగా టైపు చేసి లామినేషన్ వేస్తాం, స్నానాలగది తలుపు వెనక అంటించడానికి. 125 మైక్రాన్ల పౌచి. మిషను 120 డిగ్రీలకు వేడెక్కే దాకా నాలుగు నిమిషాలు ఆగాలి. పచ్చ దీపం వెలగక ముందే తోస్తే లోపల గాలి బుడగలు నిలిచి తెల్లమచ్చలు పడతాయి. మూసిన అంచును ముందుగా, తిన్నగా తోయాలి. నిమిషం లోపల అటు వైపు నుంచి వేడివేడిగా వస్తుంది. చల్లారే దాకా బరువైన ఫైలు కింద పెట్టకపోతే చివర్లు అప్పడంలా లేస్తాయి. బయటివాళ్ళకు 3 దిర్హాములు. ఆమె దగ్గర తీసుకోను, ఆమె ఊరుకోదు. మధ్యాహ్నం నా బల్ల మీద ఒక కరక్ ఉంటుంది.

కార్డు పెట్టెలోకి వెళుతుంది. ఖర్జూరాలు వచ్చిన అట్టపెట్టె, పొడవు 30 సెంటీమీటర్లు. 1972లో సెబాస్టియన్ లైట్నర్ తన పుస్తకంలో చెప్పిన కొలతల ప్రకారమే అందులో అయిదు అరలు: 1, 2, 5, 8, 14 సెంటీమీటర్లు. మొదటి అరలో నలభై కార్డుల దాకా పడతాయి. కొత్త కార్డు మొదటి అరలో చేరుతుంది. సరిగ్గా చెబితే రెండో దానికి, మళ్ళీ సరిగ్గా చెబితే మూడో దానికి. వెనక్కి పోయే కొద్దీ అర పెద్దది, అది నిండి మళ్ళీ వంతు రావడానికి అంత ఆలస్యం. ఏ అరలో తప్పినా తిరిగి మొదటికే. పైన మూత లేదు. క్లినిక్ నుంచి తెచ్చిన ప్లాస్టరు ముక్కల మీద అంకెలు వేసి అంటించింది.

పొద్దున 5:15కి, ఆమె యూనిఫాం వేసుకుంటూ ఉండగా, మంచం మీద కూర్చుని కార్డు పట్టుకునేది నేను.

"చెట్టు?"

"డేర్ బౌమ్."

"చెట్లు?"

"డి బొయ్‌మె." చుక్కలు పలికాయి.

"కాకి చెట్టు మీదికి?"

"ఔఫ్ డేన్ బౌమ్."

"చెట్ల కింద?"

జడ పిన్ను పళ్ళ మధ్య ఉంది. "ఉంటర్ డేన్ బొయ్‌మె" అంటుంది, మరుక్షణమే కళ్ళు మూసుకుంటుంది. చివరి నకారం రాలేదు. ఎర్ర సున్నా చుట్టినదే.

"పెట్టక్కా, మొదటి దాంట్లనే పెట్టు" అంటుంది పిన్ను తీసి. రేపటి షీటు అప్పటికే మడిచి ఉంది. స్కేలు ఆనించి, బస్సుకు ఇంకా ఆరు నిమిషాలు ఉందని చూసుకుని, ఒక ముక్క కోసి, ఎర్ర పెన్నుతో 'డి వొల్లె' అని రాస్తుంది.